రేకు తీసే చెయ్యి

రావులపాలెం కాంప్లెక్సు వెనక సందులో
నా రిపేరు కొట్టు.
బల్ల కింద పదకొండు చచ్చిన మానిటర్లు,
ఏదో కాలేజీవాళ్ళు తూకానికి వదిలించుకున్నవి.
కిలో ఇరవై రెండు.

సినిమాలో చూశాను:
గాలిలో అక్షరాలు తేలుతుంటాయి,
వాటి వెనక మనిషి ముఖం కనపడుతుంటుంది.
అలాంటి తెర ఎంతని హైదరాబాదు ఫోను చేస్తే
లక్షా డెబ్బై వేలన్నాడు, జీఎస్టీ కాకుండా.
ఫోను పెట్టేసి టీ తాగాను.
బల్ల కిందకి చూశాను.

మానిటరు విప్పితే
ఒకదాని వెనక ఒకటి పొరలు,
పాల మీగడలాంటి రేకు, గీతల రేకు, మెరుపు రేకు,
అన్నిటికీ వెనక దీపం.
అవన్నీ ఊడదీస్తే మిగిలేది పలకంత గాజు.
బొమ్మ ఉంది, వెలుగు లేదు.
వెలుగుదేముంది,
గౌతమి మీంచి పొద్దున్నే నడిచొచ్చి
గుమ్మంలో ఊరికే పడుంటుంది కదా.

చిక్కల్లా ముందువైపు పొర.
మంచు పట్టిన కిటికీలా మసక మసగ్గా
గాజుని కరుచుకుని ఉంటుంది.
అది తీసి నున్నటి రేకు అంటించాలి.
బ్లేడు పెడితే గీత.
వేడిగాలి కొడితే బుడగ.
మూడో పలక నా చేతుల్లోనే
టిక్కుమంది.
ఆ టిక్కు రాత్రి అన్నంలో కూడా వినపడింది.

మిక్సీ బాగుచేయించుకోడానికి
ఆత్రేయపురం నుంచొచ్చిన గంగాభవానిగారు
గుమ్మంలో నిలబడి చూసి
"ఏటండీ, దాన్ని చంపేత్తన్నారు" అంది.

ముప్పై ఏళ్ళుగా
బోర్లించిన కుండ మీద పిండిగుడ్డ లాగి
అటు పొయ్యిమంట ఇటు కనపడేంత పల్చగా
పూతరేకు లేపుతున్న చెయ్యి.
"తడిగుడ్డ కప్పి రాత్రికి వదిలెయ్యండి.
రేకుని మనం లాక్కూడదు.
నిద్దరోయిన పిల్లోడి గుప్పిట్లోంచి
కొంగు తీసుకున్నట్టు."

తెల్లారి ఆవిడే వచ్చి
గోటితో ఓ మూల లేపింది.
ఇద్దరం ఊపిరి ఎక్కడ దాచుకున్నామో తెలీదు.
ఒక్క ముక్కగా వచ్చింది.
వెలుగుకి పట్టి చూసి
"నెయ్యీ పంచదారా వెయ్యడమే తరవాయి" అంది.

నున్నటి రేకు ఆరువందల నలభై, కొరియరులో.
చట్రానికి కొబ్బరి చెక్క.
మొత్తం పద్నాలుగు వందలు,
నా కూలీ, మూడు గాజుల ప్రాణం
లెక్కలో వెయ్యకుండా.

ఒకటి నేర్చుకున్నాను.
ఈ గాజులో తెలుపంటే ఏమీ లేకపోవడం.
నలుపంటే గోడ.
బొమ్మ గీసేవాడు కాగితం అనుకోకూడదు,
కిటికీ అనుకోవాలి.

లొల్ల లాకుల దారిలో ఆవిడ కొట్టు ముందు పెట్టాం.
గాజులో నేతి ధార జారుతుంది,
ధర వచ్చి నిలబడుతుంది,
ఆ అంకెల సందుల్లోంచి
నిజం కుండ, నిజం పొగ, ఆవిడ మోచెయ్యి.
కార్లు ఆగాయి.
కుర్రాళ్ళు టచ్ స్క్రీనేమోనని పొడిచి చూశారు,
వేలిముద్రలు మాత్రం మిగిలాయి.
మధ్యాహ్నం ఎదురెండ పడితే బొమ్మ వెలవెలబోతుంది.
మూడో రోజుకి లోపలివైపు మసి.
ఇవన్నీ ఇంకా చూసుకోవాలి.

ఆదివారం మంచి గిరాకీ మీద
కరెంటు పోయింది.
నెయ్యీ ధరా అన్నీ ఒక్క దెబ్బకి మాయం.
నేను తల పట్టుకున్నాను.

గాజు నల్లబడలేదు.
కరెంటు లేనప్పుడు
తెరుచుకునే ఉండడం దాని గుణం.
జనం కదల్లేదు.
గుడ్డ పిండిలో మునగడం,
కుండ మీద సుయ్యిమనడం,
అంచు తనంతట తాను లేవడం,
అంతా అటే చూస్తున్నారు.

"ఇలాగే బాగుందండీ,
ఇంకో గంట ఉంచుతారా?" అంది లోపల్నుంచి.

నేను ఉంచిందేమీ లేదని
చెప్పబుద్ధి కాలేదు.
ఆయ్, అన్నాను.